మాయనకు వేడినీళ్ళు

నాలుగో రోజు

ఓడ దిగాక ఈ పుస్తకం తెరవడం ఇదే మొదలు. ఓడ ఎక్కకముందు శిబిరంలో మాకు పాఠం చెప్పిన మేడమ్ ఇది చేతిలో పెడుతూ, "అక్కడ నోటితో అన్నదంతా గోడ వింటుంది. కాగితం మీద రాసింది మాత్రం నీదే" అంది. నేను ఐదో తరగతితో ఆపేశాను. అక్షరాలు పెద్దవిగా పడుతున్నాయి. చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి సిగ్గు లేదు.

ఆయన్ని రేవులోంచే నాచు కోసే తెప్పకు తీసుకుపోయారు. నూరో రోజుకు వదులుతారట. నన్ను ఈ ఇంటి దగ్గర దింపారు. ఒక గది, ఒక మంచం, గోడలో ఒక గూడు. తిండీ నీళ్ళూ గూట్లోంచే వస్తాయి. ఏది కావాలన్నా గోడనే అడగాలి. గోడకు తెలుగు వచ్చు. మనం మాట్లాడేది కాదు, పాఠ్యపుస్తకంలో ఉండేది.

"గౌరవనీయ వినియోగదారు గారికి స్వాగతం. ఈ నివాసములో ఎవరెవరు ఉందురో పేర్లు తెలుపగలరు" అంది.

మూలన నిలబడి "పైడితల్లి" అన్నాను. ఇంకాస్త గట్టిగా అనమంది. అన్నాను.

"రెండవ వారు?"

పెళ్ళయి ఎనిమిది నెలలు. ఆయన పేరు ఇంతవరకు నా నోట్లోంచి రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. మా అమ్మ రేషను కొట్టులో కూడా మా నాన్న పేరు పక్కావిడ చేత చెప్పించేది. ఇక్కడ పక్కన ఎవరున్నారు?

"మాయన" అన్నాను.

"మాయన. నమోదు అయినది. ధన్యవాదములు."

ప్రాణం తెరిపిన పడింది. ఈ దేశం వాళ్ళు మంచివాళ్ళు, విడమరిచి అడగకుండా అర్థం చేసుకున్నారు అనుకున్నాను.

"మాయన ఎప్పుడు వచ్చెదరు?"

కొత్తచోట ఒంటరిగా ఉన్నట్టు ఎవరికీ తెలియనివ్వకు అని మా అత్త మరీమరీ చెప్పి పంపింది. గడపలో ఎవరైనా అడిగితే మేమంతా చెప్పే మాటే చెప్పాను.

"సాయంత్రం వచ్చేస్తారు. ఆరింటికల్లా."

ఐదో రోజు

నిన్న ఆరింటికి తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎవరూ లేరు. చలిగాలి ఒక్కటే లోపలికి వచ్చింది. మనిషి చెప్పులు విప్పుకునేంతసేపు తెరిచి ఉండి మూసుకుంది.

"మాయన గారికి స్వాగతం" అంది గోడ.

స్నానాల మూల నీళ్ళు పారాయి. ఆవిరి కమ్ముకుంది. నేను మంచం వెనక నక్కి కూర్చున్నాను. నీళ్ళు ఆగాక వెళ్ళి ముట్టుకుంటే చెయ్యి కాలింది.

పన్నెండో రోజు

గోడ రోజూ ఏదో ఒకటి అడుగుతుంది. సేవలు మెరుగుపరచడానికట. మాయన గారికి నీళ్ళు ఎంత వేడి ఉండాలి? గంజిలో ఉప్పు సరిపోతోందా? మంచం మీద ఏ వైపు పడుకుంటారు?

చివరి ప్రశ్నకు నా చెవులు వేడెక్కిపోయాయి. "గోడ వైపు" అని గొణిగాను. ఆ పూట నుంచి మంచం ఆ సగం విడిగా వెచ్చబడుతోంది. చెయ్యి పెడితే ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు ఉంటుంది.

నిజానికి ఆయన ఏ వైపు పడుకుంటారో నాకు బాగా తెలియదు. ఎనిమిది నెలల్లో ఆరు నెలలు చేపల వేటలోనే ఉన్నారు. తెలిసినవి చెప్పాను. తెలియనివి, ఇలా ఉంటే బాగుండు అనుకున్నవి చెప్పాను. గోడ అన్నింటికీ ఒకేలా ధన్యవాదాలు చెప్పింది.

ఇరవై మూడో రోజు

మూడిళ్ళ అవతల అసిరమ్మ పిన్ని ఉంది. భీమిలి వైపు మనిషి, మాకంటే రెండేళ్ళ ముందు వచ్చింది. మెట్ల దగ్గర నన్ను చూసి తనే పలకరించింది.

"ఎవులమ్మాయివే? మన మనిసి లాగున్నావు. నోట్లో నాలిక ఉన్నాదా నేదా?"

ఇంటికి తీసుకొచ్చాను. ఆరయింది, తలుపు తెరుచుకుంది, గోడ స్వాగతం చెప్పింది. పిన్ని అటూ ఇటూ చూసింది.

"ఎవుడే వొచ్చినాడు?"

జరిగింది చెప్పాను. పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"ఓలమ్మా! మాయన అంటే మనిసి పేరనుకున్నాదేటి! పేరులోనే మాయున్నాది కదే గుంటా."

"మనిషి లేడని దీనికి కనబడదా పిన్నీ?"

"ఈ దేసంలో గోడలు సూడకూడదట, సట్టం. ఇనడమే. నువ్వు ఉన్నాడంతే ఉన్నాడు, నేడంతే నేడు." చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "బేగి సరిసేయించుకో. ఇసుమంటివి ముదిరిపోతాయి."

సరి చేయించాలంటే గోడతో ఆయన పేరు చెప్పాలి. రేపు చూద్దాం అనుకున్నాను.

ముప్పై ఎనిమిదో రోజు

రేపు రేపు అంటూ పదిహేను రోజులు గడిచాయి.

"మాయన గారు ముప్పది నాలుగు దినములుగా ఏమియు మాట్లాడలేదు. వారి ఆరోగ్యము బాగున్నదా? వైద్యుని పంపవలెనా?" అని గోడ అడిగింది.

వైద్యుడంటే కళ్ళున్న మనిషి. "బాగున్నారు. ఆయన తక్కువ మాట్లాడతారు" అన్నాను.

అప్పటి నుంచి ఆరు దాటితే గోడ గొంతు తగ్గించేస్తోంది. "మాయన గారు విశ్రాంతి తీసుకొనుచున్నారు" అని గుసగుసగా చెబుతుంది. నేను కూడా గిన్నెలు చప్పుడు కాకుండా దించుతున్నాను. ఎందుకు దించుతున్నానో అడిగితే చెప్పలేను.

గూట్లోంచి ఇద్దరి గంజి వస్తుంది. రెండోది మొదట్లో తిరిగి పెట్టేసేదాన్ని. ఇప్పుడు మంచం పక్కన పెడుతున్నాను. పొద్దున్న చల్లారిపోయినది నేనే తింటాను. ఒకరోజు అది కాస్త తగ్గినట్టు కనిపించింది. ఆవిరైపోయి ఉంటుంది.

యాభయ్యో రోజు

తెప్ప మీద వాళ్ళతో మాట్లాడనిచ్చారు. వీధి చివర ఒక గది ఉంది, అందులో పెట్టె ముందు కూర్చోవాలి.

"ఏటే పైడీ, బాగున్నావా?"

"ఊఁ."

"ఊఁ ఏటి, ఊఁ! యాబై రోజులకి ఒక్క ఊఁ యేనేటి? ఇక్కడ సేపలు నీకంటే ఎక్కువ మాటాడతన్నాయి."

నవ్వొచ్చింది. ఆ గొంతు ఎంత బరువుగా ఉంటుందో మరిచిపోయాను. ఇంట్లో ఉన్న ఆయన గొంతు మెత్తగా ఉంటుందని ఎప్పుడో అనుకునేశాను.

"ఇక్కడ గుమస్తా నన్ను సూసి ఇకిలింతన్నాడే. మీ ఇంట్లో ఇద్దరున్నారు, నీకు సోటు నేదంతన్నాడు. ఎవుడే ఆ మాయన?"

"మీరే" అన్నాను.

"నానా?"

ఆయన పగలబడి నవ్వారు. వెనక ఇంకెవరో కూడా నవ్వారు.

"నాకంటే ముందొచ్చి కూకున్నాడన్నమాట! ఏడినీల్లు కూడా పోసుకుంటన్నాడేటి?"

నేను మాట్లాడలేదు. ఆయన నవ్వు ఆగింది.

"ఇది నవ్వులాట కాదు పైడీ. నూరోరోజుకి ఇంట్లో నా పేరు నేకపోతే నన్ను ఎగువ తెప్పకి తోలేస్తారట. అటెల్లినోడు మూడేళ్ళకి గాని తిరిగిరాడు. పేరు సెప్పీయే. నాకేటీ అయిపోదు. సెప్పే-"

సమయం అయిపోయి పెట్టె మూగబోయింది.

యాభై మూడో రోజు

మూడు రోజులు ప్రయత్నించాను. పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. చివరికి అసిరమ్మ పిన్నిని పిలిచాను. మా అమ్మకు పక్కావిడ చెప్పినట్టే పిన్ని ఆయన పేరు గోడకు గట్టిగా చెప్పింది.

"ఈ నివాసము ఇరువురికి మాత్రమే. పైడితల్లి గారు, మాయన గారు ఉన్నారు. ఒకరు ఖాళీ చేసిన పిమ్మట మూడవ వారిని చేర్చుకొనగలము" అంది గోడ.

"ఓసి నీ గోడ పగిలిపోనూ! ఆడూ ఈడూ ఒకడేనే" అంది పిన్ని.

"మీ అభిప్రాయమునకు ధన్యవాదములు" అంది గోడ.

అరవై ఒకటో రోజు

పిన్నితో ఇళ్ళ లెక్కలు చూసే ఆఫీసులో ఆరో కిటికీకి వెళ్ళాను. కిటికీ వెనక ఈ దేశం ఆవిడ కూర్చుంది, తెల్లటి కనుబొమలు. మెడకు కట్టుకున్న బిళ్ళ ఆవిడ మాటలు మాకు తెలుగులో చెబుతుంది.

నేను మాట్లాడలేకపోతే పిన్నే అంతా చెప్పింది. ఆవిడ ఓపికగా విని, బల్ల మీద ఏదో చూసింది.

మాయన గారు యాభై ఏడు రోజులుగా వేడినీళ్ళు వాడుతున్నారు, గంజి తింటున్నారు, మంచంలో గోడ వైపు పడుకుంటున్నారు, వైద్యుడు అక్కర్లేదు, అని చదివింది. ఇదంతా నా గొంతుతోనే ఉంది. ఇప్పుడు అలాంటి మనిషే లేడంటే, లేని మనిషిని ఉన్నాడని చెప్పి ఇల్లు తీసుకున్నట్టు అవుతుంది. అప్పుడు ఇల్లు పోతుంది, ఆయనకు రావడానికి చోటూ ఉండదు.

"మరి దారేటి?" అంది పిన్ని.

రెండు దారులున్నాయట. మాయన గారు స్వయంగా తన గొంతుతో ఖాళీ చేస్తున్నానని చెప్పాలి. లేదా ఇంట్లో ఉన్నవాళ్ళు ఆయన చనిపోయారని చెప్పాలి.

"మొదటిది కుదరదు కదా" అంది ఆవిడ. నా వైపు జాలిగా చూసింది. "రెండవది చిన్న మాటే. ఇంట్లో, మీ గొంతుతో చెబితే చాలు. నేను చెప్పానని ఎవరితోనూ అనకండి."

నేను పేరే పలకలేకపోయాను. ఇప్పుడు మాయన చచ్చిపోయాడని చెప్పాలి.

డెబ్బై తొమ్మిదో రోజు

చెప్పలేదు.

ఆరింటికి తలుపు తెరుచుకున్నప్పుడు పైట సర్దుకుంటున్నాను. ఇవాళ గమనించాను, చాలా రోజులుగా సర్దుకుంటున్నానని. తర్వాత గంజి పెట్టి మంచం ఇవతలి సగంలో కూర్చుని ఆ రోజు జరిగినవి చెబుతున్నాను. మెట్ల మీద జారిపడబోయానని, పిన్ని నాచు పచ్చడి పెట్టిందని, అమ్మ కలలోకి వచ్చిందని. ఎవరితోనూ ఇన్ని మాటలు మాట్లాడలేదు నేను. అవతలి సగం వెచ్చగా ఉంటుంది. మధ్యలో అడ్డురాదు. నవ్వదు.

ఇది తప్పా? తప్పయితే ఎవరి పట్ల తప్పు?

తొంభై మూడో రోజు

పిన్ని వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"సెప్పినావా?"

తల అడ్డంగా ఊపాను.

"వారమే కదే ఉన్నాది! ఆ పిల్లడు మూడేళ్ళు ఎగువ తెప్ప మీద కుల్లిపోవాలేటి?"

"ఆ మాట అంటే ఆయనకి ఏమైనా అయితే? ఆయన నీళ్ళ మీద ఉన్నారు పిన్నీ."

పిన్ని లోపలికి వచ్చి కూర్చుంది. ఇవతలి సగంలోనే కూర్చుంది, నేను చెప్పకుండానే.

"ఆ మాట నాను సెప్పినాను ఈ గోడకి. మా ముసిలోడు ఓడలోనే పోనాడు. దిగిన రోజున ఎవలెవలు ఉంటారంది. ఆయన పోనాడని సెప్పినాను. నిజిమే సెప్పినాను. నాను సెప్పినందుకు పోనాడా ఆడు? సెప్పకపోతే లేసి వొచ్చునేటి?" నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నీది అబద్దమే గుంటా. అబద్దం సెప్పడానికి ఇంత ఏడుపేటి?"

పూర్తిగా అబద్ధం కాదని పిన్నికి ఎలా చెప్పను?

తొంభై ఏడో రోజు

ఇవాళ చెప్పాను. ఆరు కాకముందే, పగలే. పిన్ని నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మాయన లేరు" అన్నాను.

"మాయన గారు బయటకు వెళ్ళినారా?"

"కాదు. చనిపోయారు."

గోడ కాసేపు ఊరుకుంది. ఇన్ని రోజుల్లో అది ఊరుకోవడం అదే మొదలు.

"కారణము?"

పిన్ని నా ముఖంలో ముఖం పెట్టి, "జొరం, జొరం" అని పెదాలతో చూపిస్తోంది. ముందే అనుకున్నాం. పది సార్లు చెప్పించింది నా చేత. కానీ మా ఇళ్ళల్లో మగవాళ్ళు జ్వరంతో పోగా నేను చూడలేదు. నోట్లోంచి ఆ ఒక్క మాటే వచ్చింది.

"సముద్రం."

పిన్ని చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది.

"మీ నష్టమునకు మిక్కిలి చింతిస్తున్నాము. ఇకపై ఈ నివాసములో మాయన గారి పేరు పలికినప్పుడెల్ల ఒక నిమిషము దీపములు తగ్గించి మౌనము పాటించెదము. ఇది ఉచిత సేవ."

తర్వాత గూట్లో చప్పుడైంది. మడత పెట్టిన తెల్లచీర. మీ ప్రాంతపు ఆచారము ప్రకారము, అంది గోడ.

పిన్ని ఒక్క ఉదుటున లేచి ఆ చీర లాగింది. పళ్ళతో కొరికి, సర్రున చింపింది. ముక్కలు ముక్కలు చేసింది.

"మసిగుడ్డలకి పనికొస్తాది" అంది.

ఆరింటికి తలుపు తెరుచుకోలేదు. నీళ్ళు పారలేదు. మంచం రెండో సగం చల్లగా ఉంది. కూర్చుని ఏడ్చాను.

"ఎవుడి కోసమే?" అంది పిన్ని. ఈసారి తిట్టినట్టు లేదు. నిజంగానే అడిగింది.

తొంభై తొమ్మిదో రోజు

పిన్ని ఆయన పేరు మళ్ళీ చెప్పింది. నా గొంతు కూడా కావాలంది గోడ. మనిషి గడపలోకి వచ్చాక అప్పుడు చెప్పవచ్చట. తెప్పవాళ్ళకు చోటు ఉందని కబురు వెళ్ళింది. రేపు పడవ.

నూరో రోజు

పడవ రాలేదు. గాలి ఎక్కువగా ఉందన్నారు.

నూట ఒకటో రోజు

రాలేదు. రేవులో అడిగితే తమకూ తెలియదన్నారు. మూడు తెప్పల మనుషులు ఆ పడవలో ఉన్నారట. పిన్ని నాకు అన్నం కలిపి పెట్టింది, నోట్లో పెట్టుకోలేదు. సముద్రం అని ఎందుకన్నాను? జ్వరం అనడానికి నాకేం అడ్డొచ్చింది? ఇద్దరినీ ఒకే మాటతో పంపేశానేమో.

నూట రెండో రోజు

మధ్యాహ్నం తలుపు మీద దెబ్బలు పడ్డాయి. ఇక్కడ ఎవరూ తలుపు కొట్టరు, గోడకు చెబుతారు. తెలియనివాళ్ళే కొడతారు.

"పైడీ! తలుపు తీయే! గడ్డకట్టుకుపోతన్నాను!"

పరిగెత్తాను. తలుపు రాలేదు.

"వెలుపల ఒక వ్యక్తి ఉన్నారు. వారు మీకు ఏమగుదురు?"

"మాయన!" అన్నాను. ఇంకేమంటాను?

దీపాలు తగ్గిపోయాయి. ఇల్లంతా బూడిదరంగు అయింది. గోడ ఊరుకుంది. నేను తలుపు గుద్దాను, అరిచాను. నిమిషమంతా మౌనం పాటించాకే పలికింది.

"మాయన గారు మరణించినారు. వెలుపలి వ్యక్తి మీకు ఏమగుదురు?"

"ఎవుడే సచ్చినాడు?" అని బయటి నుంచి ఆయన అరిచారు. పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు నాకు తలుపులోంచి వినబడుతోంది. "పైడీ, కాళ్ళు తెలియటం నేదే."

"ఏమీ కారు. పేరు చెబుతాను, పేరు!" అన్నాను. "కూర్మారావు. కూర్మారావు. కూర్మారావు."

తలుపు తెరుచుకుంది. ఆయన గెడ్డం నిండా ఉప్పు. నన్ను చూడకుండా ముందు ఇంట్లోకి చూశారు, నా భుజం మీద నుంచి మంచం వైపు. ఆ తర్వాతే నన్ను చూశారు.

"మల్లా ఒకపాలి సెప్పు" అన్నారు.

నేను మళ్ళీ చెప్పలేకపోయాను.

నూట పంతొమ్మిదో రోజు

ఆయన వేడినీళ్ళు పోసుకోరు. చన్నీళ్ళే. ఇవతలి వైపు పడుకుంటారు, అందుకని నేను గోడ వైపు పడుకుంటున్నాను. గంజి చప్పరించి తింటారు, గట్టిగా నవ్వుతారు. పిన్నితో పరాచికాలాడతారు. మంచివారే. ఆయన్ని ఏమని పిలవాలో మాత్రం నాకు తెలియడం లేదు. "ఇదిగో" అంటున్నాను.

ఇవాళ పిన్ని పులుసు తెచ్చింది. అందరం కింద కూర్చుని తింటున్నాం. పిన్ని ఆయనకి ఇంకో గరిటె పొయ్యబోతుంటే, "వద్దు పిన్నీ, మాయనకి పులుపు పడదు" అన్నాను.

నోరు నొక్కుకునేలోగా దీపాలు తగ్గిపోయాయి.

పిన్ని గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆయన తింటున్న ముద్ద గిన్నెలో పెట్టేశారు. లేచి నిలబడ్డారు. తెప్ప మీద ఎవరైనా పోతే అలా నిలబడాలట, అలవాటు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. నేనూ లేచి ఆయన పక్కన నిలబడ్డాను. మసక వెలుతురులో ముగ్గురం మంచంలో గోడ వైపు సగానికి తిరిగి ఉన్నాం.

దీపాలు వచ్చాయి. ఆయన కూర్చున్నారు, కానీ గిన్నె ముట్టుకోలేదు.

"నాకు పులుపంటే పేనం కదే" అన్నారు మెల్లగా.

నేను తలొంచుకున్నాను.

"మంచోడేనేటే ఆడు?"

పిన్ని నా వైపు చూసింది. ఆయన కోపంగా అడగలేదు. ఊళ్ళో పోయినవాళ్ళ గురించి అడిగినట్టు అడిగారు.

"తక్కువ మాట్లాడేవారు" అన్నాను.

ఆయన పిన్ని చేతిలో గరిటె అందుకుని తనే పులుసు పోసుకున్నారు, చప్పుడు కాకుండా.